పాస్‌పోర్టుకు పసుపు

విద్యావతి పాస్‌పోర్టును శ్రీహరి తెరిచాడు. ఫొటో ఉన్న పేజీ దగ్గర అతని చెయ్యి ఆగిపోయింది. బొటనవేలు ఎత్తి చూసుకున్నాడు. వేలికి పచ్చగా ఏదో అంటింది. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు.

"ఏందమ్మా ఇది? పసుపా?"

టేబులుకు ఇవతల కూర్చున్న విద్యావతి సంతోషంగానే తలూపింది.

"ఔ. పోయిన శుక్రవారం వచ్చింది గద పోస్టుల. ఆ పొద్దే పెట్టిన."

శ్రీహరి టూర్ల ఆఫీసు అబిడ్స్‌లో, ఒక చెప్పుల దుకాణం మీద మొదటి అంతస్తులో ఉంది. కిటికీ తెరిస్తే బస్సుల హారన్లు, మూస్తే ఉక్క. గోడకు ఒక తెల్లటి ఓడ బొమ్మ అతికించి ఉంది. ఓడంటే ఓడ కాదు, అపార్టుమెంటును తీసుకొచ్చి నీళ్ళ మీద పెట్టినట్టుంది. వచ్చి కూర్చున్నప్పటి నుంచి విద్యావతి దాన్నే చూస్తోంది. పై నుంచి నాలుగో వరుసలో ఒక గుండ్రటి కిటికీని ఎంచుకుని, అది తనదని మనసులో అనేసుకుంది కూడా.

శ్రీహరి పాస్‌పోర్టును ఆమె భర్త శ్యామ్‌సుందర్ వైపు తిప్పాడు. పేజీకి నాలుగు మూలలా పసుపు బొట్లు. ఫొటో కింద బారుగా ఉండే రెండు వరుసల అక్షరాల మీద కుంకుమతో అందంగా రాసిన 'శ్రీ'. తడి ఆరకముందే మూసిపెట్టినట్టున్నారు, పసుపు ఎదుటి పేజీకీ అచ్చు పడింది. ఒక మూల రెండు పేజీలూ అతుక్కుపోయి, విడదీసినచోట పైపొర లేచిపోయింది.

"కొత్త పుస్తకం ఇంట్లకు వస్తె పసుపు పెట్టకుంట ఎట్ల?" అంది విద్యావతి. ఇద్దరు మగవాళ్ళ ముఖాలూ చూశాక ఆమె గొంతు కొద్దిగా తగ్గింది. "పిల్లల బడి పుస్తకాలకు పెట్టిన. బ్యాంకు బుక్కుకు పెట్టిన. గ్యాసు బుక్కుకు పెట్టిన. ఎవరూ ఏం అనలేదు."

"గ్యాసు బుక్కు మిషన్ల పెట్టరమ్మా," అన్నాడు శ్రీహరి. "ఇదేమో మిషను చదవాలె. ఈ కింద రెండు లైన్లున్నయి చూడున్రి, అవే మొత్తం పాస్‌పోర్టు. మీరు సక్కగ వాటి మీదనే శ్రీ రాసిన్రు. దీంతోని వీసా రాదు. ఎయిర్‌పోర్టు గేటు గుడ దాటనియ్యరు."

శ్యామ్‌సుందర్ నుదురు రుద్దుకున్నాడు. "ముప్పై ఏండ్ల సంది ఈమె నాకే అర్థం కాలేదు శ్రీహరీ, పాస్‌పోర్టోళ్ళకు ఏం అర్థమైతది?"

ఉస్మాన్‌గంజ్‌లో అతనిది టీపొడి టోకు వ్యాపారం. ఆ ఏడు టీ కంపెనీ తన మంచి డీలర్లను భార్యలతో సహా విమానంలో సింగపూర్ తీసుకుపోయి, అక్కడి నుంచి మూడు రోజులు ఓడలో తిప్పుతానంది. డిసెంబరు పన్నెండున ఓడ ఎక్కాలి. ఇంకా నెలా పదిహేను రోజులుంది.

"టైం ఉందనుకుంటరు గని లేదు సార్," శ్రీహరి వేళ్ళు ముడుస్తూ చెప్పాడు. "పేర్లు, పాస్‌పోర్టు నంబర్లు నవంబరు ఇరవైలోపల కంపెనీకి పోవాలె. ఓడేమో సింగపూర్ల బయల్దేరి పెనాంగ్ పోయి మళ్ళ సింగపూర్‌కే వస్తది. అంటె ఆ దేశం లోపలికి రెండుసార్లు పోవుడన్నట్టు. మామూలు వీసా సాలదు, ఎన్నిసార్లన్న పోయే వీసా కావాలె. అంతకన్న సులువు, అమ్మ పేరు తీసి ఇంట్ల ఇంకెవరి పేరన్న రాద్దాం. కంపెనీ ఒప్పుకుంటది."

శ్యామ్‌సుందర్ అప్పటికే ఫోను తీశాడు. "ఇంద్రసేనా, నీ పాస్‌పోర్టు మంచిగుందా? ఓడెక్కుతవా? అరె, నిజంగనే అడుగుతున్న రా. మీ వదినె బుక్కుకు పూజ చేసింది."

ఫోనులోంచి మరిది నవ్వు విద్యావతికి కూడా వినిపించింది. మొత్తం రెండు నిమిషాలు పట్టింది. ఆ రెండు నిమిషాల్లో ఎవరూ ఆమెను ఏమీ అడగలేదు. శ్రీహరి కాగితం మీద ఆమె పేరు పక్కన పెన్సిలుతో చిన్న ప్రశ్నార్థకం పెట్టి, పాస్‌పోర్టు ఆమె చేతికిచ్చాడు. ఆమె దాన్ని కొంగులో చుట్టుకుని లేచింది.

వాళ్ళ ఇల్లు నాంపల్లి స్టేషనుకు కొద్ది దూరంలో, ఆటో ఒకటి వస్తే ఇంకొకటి ఆగాల్సినంత సందులో ఉంది. ఇంటికి రాగానే శ్యామ్‌సుందర్ చొక్కా విప్పి ఫ్యాను కింద కూర్చున్నాడు. అతని కోపం ఆటోలోనే అయిపోయింది. ఇప్పుడు మంచిగానే మాట్లాడుతున్నాడు. ఆ మంచితనమే విద్యావతికి ఎక్కువ కష్టంగా ఉంది.

"ఫికర్ చెయ్యకు. నువ్వు కావాల్నని చేసినవా? ఓడ ఏడికి పోతది, మళ్ళెప్పుడన్న ఎక్కొచ్చు. ఆ బుక్కు తర్వాత తీరిగ్గ మారుద్దాం. ఎట్ల పాడైందో ఒక కాయితం రాసియ్యాలెనంట. అహల్య చేసిందని రాద్దాం."

"అహల్యనా?"

"పనామె పసుపు డబ్బా బుక్కు మీద పడేసిందని రాస్తే అయిపోతది. నువ్వే పెట్టినవంటె నవ్వుతరు. దాని పేరు రాస్తే ఎవరొచ్చి అడుగుతరు?"

వెనక వరండాలో గిన్నెలు తోముతున్న చప్పుడు ఆగింది. విద్యావతి అటు చూసింది. తలుపు చాటున అహల్య మోచేయి మాత్రమే కనిపిస్తోంది, దానికి అంటిన బూడిద కనిపిస్తోంది. కాసేపటికి చప్పుడు మళ్ళీ మొదలైంది, కానీ మునుపటిలా లేదు. ఒకే గిన్నెను చాలాసేపు తోముతున్నట్టుంది.

మర్నాడు పొద్దున అహల్య చీపురు తీసుకోకుండా గుమ్మంలోనే నిలబడింది.

"అమ్మా, నా పేరు సర్కారు కాయితంల రాస్తరా?"

విద్యావతి టీ వడపోస్తోంది. గిన్నె దించి పెట్టింది.

"పోలీసోళ్ళు ఇంటికొస్తరాని అడుగుతున్న. నా బిడ్డకు కాలేజిల స్కాలర్‌షిప్పు వచ్చేటట్టుంది. గీ టైంల నా మీద ఏదన్న ఉంటె..."

"ఎవరూ రాయరు. నేను రాయనియ్య." ఆ మాట తన నోటి నుంచి అంత గట్టిగా వచ్చినందుకు విద్యావతికే ఆశ్చర్యం వేసింది. "చేసింది నేను. నీ పేరెందుకుంటదే?"

అహల్య ఆమె ముఖం కేసి చూసింది. నమ్మాలో వద్దో తేల్చుకుంటున్నట్టు చూసి, చీపురు అందుకుంది. గది సగం ఊడ్చాక నడుము ఎత్తకుండానే అంది: "కోర్టు గల్లీల యూనీసక్క అని ఒకామె కూసుంటది, జిరాక్సు దుకాణం మెట్ల కింద. నా బిడ్డ కాయితాలన్ని ఆమెనే నింపింది. ఒక్క కాయితం గుడ వాపసు రాలే. పాస్‌పోర్టులు గుడ చేస్తది."

"పొయ్యి అడిగితె ఏమన్న అంటదా?"

"ఏమంటది? అడగనోళ్ళనే అంటది."

యూనీస్ టేబులు ప్లాస్టిక్‌ది. దాని మీద ఒక ల్యాప్‌టాప్, బిస్కెట్ల డబ్బాలో క్లిప్పులు, స్కేలు, గమ్ము, రెండు రంగుల పెన్నులు. ల్యాప్‌టాప్ మూత మీద చిన్న బైబిలు వాక్యం చీటీ, మెదక్ చర్చి బొమ్మతో. ఆమెకు నలభై ఉంటాయి. జుట్టు బిగించి ముడేసి, కళ్ళద్దాలు ముక్కు చివరకు దించుకుని పని చేస్తోంది. పక్కనే ఇంకో బల్ల మీద భూమయ్య అనే ముసలాయన పాత టైపు మిషను పెట్టుకుని కూర్చున్నాడు. అఫిడవిట్లు కొట్టేవాడు. అతని దగ్గర గిరాకీ లేదు గానీ మాటలు మాత్రం చాలా ఉన్నాయి.

విద్యావతి మూడుసార్లు ఆ టేబులు దాటిపోయింది. మూడోసారి యూనీసే తలెత్తింది.

"అక్కా, నీడల నిలబడి గుడ ఆలోచించుకోవచ్చు. రా, కూసో."

యూనీస్ ఏ కాగితం ముట్టుకునే ముందైనా ఒక పొడిగుడ్డతో చేతులు తుడుచుకుంటోంది. పాస్‌పోర్టును అట్ట పట్టుకుని తెరిచింది, పేజీ మీద వేలు పెట్టలేదు. పసుపు చూసింది, శ్రీ చూసింది. నవ్వలేదు. పేజీని వెలుతురుకు ఎత్తి పట్టింది.

"పేరు కనవడ్తుంది. నంబరు కనవడ్తుంది. ముఖం మంచిగ కనవడ్తుంది. పూర్తిగ పాడైనట్టు కాదు. తత్కాల్‌ల పెడదాం, జల్దీ వస్తది. ఆధార్ ఉందా? ఓటరు కార్డు? పాన్?"

విద్యావతి సంచిలోంచి ఒక్కొక్కటే తీసింది. ఆధార్, పాన్ కాగితాలు రెండూ కలిపి పిన్ను కొట్టి ఉన్నాయి. యూనీస్ గోటితో ఆ పిన్ను లేపి, చినగకుండా ఊడదీసింది. "పిన్నులు కొట్టొద్దక్కా. ఆడ ప్రతి కాయితం మిషన్ల పడాలె. క్లిప్పు పెట్టాలె." మళ్ళీ చేతులు తుడుచుకుని కీబోర్డు ముందుకు లాక్కుంది. "ఎట్ల పాడైందో రాసియ్యాలె. ఎట్ల రాయమంటవ్?"

"వాన అని రాయి తల్లీ," భూమయ్య అందుకున్నాడు. "హైదరాబాదుల అందరి పాస్‌పోర్టులూ వాననే తడుపుతది. ఎండకాలంల గుడ తడుపుతది."

"తాతా, నీ మిషన్‌కు రిబ్బనుందా ముందు చూసుకో," అంది యూనీస్ అతని వైపు చూడకుండానే.

విద్యావతి చేతులు ఒళ్ళో పెట్టుకుంది. వాన. అహల్య. ఏది రాసినా అడిగేవాళ్ళు లేరు. భర్త అన్నట్టు ఇది తీరిగ్గా కూడా చేసుకోవచ్చు. ఆ తీరిక ఎప్పుడు వస్తుందో ఆమెకు తెలుసు. ఇంట్లో ఆమె పనులకు వచ్చే తీరిక అన్ని పనులయ్యాక వస్తుంది, అప్పటికి పొద్దు ఉండదు.

"నేనే పెట్టిన," అంది. "నా చేతితోనే. గట్లనే రాయి."

యూనీస్ టైపు చేసింది. ఇంగ్లీషులో కొట్టి, ఒక్కో వాక్యం తెలుగులో చదివి వినిపించింది. "ఫలానా తారీఖున, మా ఇంటి ఆచారం ప్రకారం, నేను నా కొత్త పాస్‌పోర్టుకు పొరపాటున పసుపు కుంకుమ..."

"పొరపాటున కాదు."

కీబోర్డు చప్పుడు ఆగింది.

"బుద్ధిపూర్వకంగనే పెట్టిన. స్నానం చేసి, దీపం పెట్టి. నా పేరు మీద ఇంటికొచ్చిన మొదటి పుస్తకం అది. పెట్టుడు పొరపాటు కాదు. పుస్తకం పాడైతదని తెల్వకపోవుడు పొరపాటు."

భూమయ్య తన మిషన్‌లో రిబ్బను చూసుకున్నాడు. యూనీస్ కళ్ళద్దాలు పైకి తోసుకుంది. రాసింది చెరిపి మళ్ళీ కొట్టింది. ఈసారి చదివినప్పుడు విద్యావతి ఒప్పుకుంది. సంతకం దగ్గర పెన్ను పట్టుకుని చాలాసేపు ఆగింది, భయంతో కాదు, గీత వంకరపోకూడదని.

"అడ్రసుకు ఇంకొకటుంటె మంచిది," యూనీస్ అంది. "మీ సారుకు పాస్‌పోర్టు ఉందంటివి గద. దాని ఆఖరి పేజిల భార్య పేరు, ఇంటి అడ్రసు ఉంటయి. అది రేపు పట్టుకరా."

మర్నాడు ఆమె బీరువాలోంచి శ్యామ్‌సుందర్ పాస్‌పోర్టు తెచ్చింది. అంచులు అరిగి, మెత్తబడి, జేబు ఆకారానికి కొద్దిగా వంగింది. యూనీస్ ఆఖరి పేజీ తీసి చూపించింది. అక్కడ విద్యావతి పేరు ఉంది. విద్యావతి ముందుకు వంగి చూసింది. ఈ పుస్తకం కంపెనీ డీలర్లతో కలిసి రెండుసార్లు బ్యాంకాక్ పోయి వచ్చింది. అంటే తన పేరు రెండుసార్లు సముద్రం దాటింది. తను మాత్రం ఆ రెండుసార్లూ స్టీలు డబ్బాల్లో సకినాలు కట్టిచ్చి గుమ్మం దగ్గరే ఆగింది.

యూనీస్ జిరాక్సుకు ఇవ్వబోతూ మొదటి పేజీ తిప్పింది. తిప్పినదల్లా ఆగింది. వేళ్ళ గణుపుల మీద బొటనవేలు పెట్టి లెక్క పెట్టుకుంది.

"అక్కా, ఓడ ఎప్పుడంటివి?"

"డిసెంబరు పన్నెండు."

"జనవరి, ఫిబ్రవరి, మార్చి..." మళ్ళీ లెక్కపెట్టింది. "సారుది మే ఇరవైకి అయిపోతది."

"మే అంటె ఇంక చానా దూరం గద?"

"మనకు దూరం. వాళ్ళకు కాదు. సింగపూర్ల దిగేనాటి నుంచి ఇంకా ఆరు నెలలు ఉండాలె బుక్కు. జూన్ పన్నెండు దాటాలె. ఇది దాటలే." పాస్‌పోర్టు మూసి టేబులు మీద పెట్టింది. "సారు గుడ పోలేడు."

ఎదురుగా రోడ్డు మీద వకీళ్ళు నల్లకోట్లు చేతి మీద వేసుకుని పోతున్నారు. చెరుకు రసం బండి గంటలు మోగుతున్నాయి. విద్యావతికి ముందు నవ్వు వచ్చింది. ఆ తర్వాత అతను ఆ తెల్లటి ఓడ కింద రేవులో పెట్టె పట్టుకుని నిలబడిపోయినట్టు కళ్ళ ముందు కనబడింది, నవ్వు పోయింది.

"శ్రీహరి చూస్తడు గద?"

"ఇస్తె చూస్తడు. ఇచ్చిన్రా?"

ఇవ్వలేదు. నంబరు ఫోనులో చెప్పి, బుక్కు తర్వాత పంపిస్తానన్నాడు శ్యామ్‌సుందర్. రెండుసార్లు బ్యాంకాక్ పోయొచ్చిన బుక్కుకు ఏమవుతుందని.

మధ్యాహ్నం అన్నదమ్ములిద్దరూ దుకాణం నుంచి అన్నానికి వచ్చారు. విద్యావతి పప్పు వడ్డించి, మామిడికాయ తొక్కు ముందు పెట్టి, తనకు తెలిసింది చెప్పింది. మే నెల, జూన్ నెల, ఆరు నెలల లెక్క. యూనీస్ లెక్కపెట్టినట్టే వేళ్ళ మీద చూపించింది.

శ్యామ్‌సుందర్ ముద్ద కలుపుతూ విన్నాడు. "నా బుక్కు సంగతి నాకు తెల్వదా? మే దాక ఉంది. మనం పోయేది డిసెంబర్ల."

ఇంద్రసేన పగలబడి నవ్వాడు. "అన్నా, వదినె రెండ్రోజులు కోర్టు గల్లీకి పోయింది. వకీలై వచ్చింది! ఇగ మనం దుకాణం బంద్ పెట్టి ఈమె కింద గుమాస్తాలుగ చేరాలె."

"నవ్వున్రి గని ఒక్కసారి శ్రీహరిని అడుగున్రి," అంది విద్యావతి.

"అడుగుత, అడుగుత. జర పెరుగెయ్యి."

ఆమె పెరుగు వేసింది. వాళ్ళు పోయాక గిన్నెలు సర్ది, అలాగే చెప్పులేసుకుని మళ్ళీ కోర్టు గల్లీకి నడిచింది.

గురువారం పొద్దున పదింబావుకు ఆమెకు టైం ఇచ్చారు. పాస్‌పోర్టు కేంద్రంలోకి ఒక్కరినే పంపుతారని యూనీస్ చెప్పింది. ఆఫీసు అన్న చోటికి ఒంటరిగా పోవడం విద్యావతికి అదే మొదలు. గేటు దగ్గర కాగితం చూపింది. లోపల టోకెన్ ఇచ్చారు. గోడ మీద తెర వెలుగుతోంది, అందులో నంబర్లు మారుతున్నాయి. తన నంబరు ఎక్కడ దాటిపోతుందో అని ఆమె రెప్ప వేయడానికి కూడా వెనకాడింది. 'ఎ' కౌంటరులో ఒక అమ్మాయి కాగితాలు మిషనులో పెట్టింది. క్లిప్పు తీయడం, పెట్టడం అంతే, ఎక్కడా ఆగలేదు. చేతివేళ్ళు అద్దం మీద పెట్టమంది. ఏళ్ళ తరబడి గిన్నెలు, కూరగాయలు, రుబ్బురోలు. వేళ్ళ గీతలు మొదటిసారి పడలేదు. అమ్మాయి తన తడిగుడ్డ ఇచ్చి, "నెమ్మదిగా పెట్టండి ఆంటీ" అంది. మూడోసారికి పడ్డాయి.

'బి' కౌంటరులో ఉన్న ఆఫీసరు యాభై ఏళ్ళావిడ. నీలం చీర, మెడలో గుర్తింపు కార్డు. పాస్‌పోర్టు తెరిచి చూసింది. విద్యావతి రాసిచ్చిన కాగితం పై నుంచి కింది దాకా చదివింది. మళ్ళీ పాస్‌పోర్టు చూసింది.

"ఇది మీరే రాయించారా?"

"ఔనమ్మా."

"రోజూ ఇలాంటివి చూస్తాను. అందరివీ వానలో తడుస్తాయి. లేకపోతే చిన్నపిల్లలు చించుతారు." ఆవిడ కాగితం పక్కన పెట్టింది. "ఇది సర్కారు పత్రం. దీని మీద ఏం రాసినా, ఏం పెట్టినా తప్పే. తెలుసు కదా?"

"ఇప్పుడు తెలుసమ్మా."

"కొత్తది ఇస్తే మళ్ళీ పెడతారా?"

విద్యావతి ఆలోచించింది. పెట్టను అనడం సులువే. కానీ ఆ పుస్తకం ఇంటికి వచ్చిన పూట తన చెయ్యి ఊరుకోదని ఆమెకు తెలుసు.

"పెడ్త," అంది. "కవరుకు పెడ్త. బుక్కును ముట్టుకోను."

ఆఫీసరు పెదవులు బిగబట్టింది. నవ్వు ఆపుకుంటోందో, విసుక్కుంటోందో విద్యావతికి అర్థం కాలేదు. ఆవిడ తల దించి రెండుచోట్ల టిక్కు పెట్టి, ముద్ర వేసి, "'సి' కౌంటరుకు వెళ్ళండి" అంది. విద్యావతి లేచి రెండడుగులు వేశాక వెనక నుంచి మళ్ళీ ఆ గొంతు వినబడింది: "కవరు కూడా ఆరాకే బుక్కును అందులో పెట్టండి."

కొత్త పాస్‌పోర్టు మంగళవారం వచ్చింది. పోస్ట్‌మ్యాన్ ముందు ఆమె స్వయంగా సంతకం పెట్టి తీసుకుంది. అదే సాయంత్రం అబిడ్స్ ఆఫీసులో అన్నదమ్ములిద్దరూ శ్రీహరిని కలవాలి. ఇంద్రసేన తన పాస్‌పోర్టు ఇవ్వడానికి వస్తున్నాడు, శ్యామ్‌సుందర్‌ది కూడా ఆ రోజే ఇవ్వాలి. తనను రమ్మని ఎవరూ చెప్పలేదు. విద్యావతి నీలం అంచు చీర కట్టుకుని, నాంపల్లి నుంచి నడిచే పోయింది. మెట్లెక్కేసరికి వాళ్ళు అప్పటికే టీ తాగుతున్నారు.

"వదినె! నువ్వెందుకొచ్చినవ్?" అన్నాడు ఇంద్రసేన.

ఆమె బుక్కు తీసి శ్రీహరి ముందు పెట్టింది. శ్రీహరి తెరిచాడు. తుడిచిన అద్దంలా ఉంది పేజీ. కింది రెండు వరుసల అక్షరాలూ నల్లగా, శుభ్రంగా మెరిశాయి.

"ఇంత జల్దీ ఎట్ల తెచ్చిన్రమ్మా? నేను నెల పడ్తదనుకున్న!" నంబరు రాసుకున్నాడు. ఆమె పేరు పక్కనున్న ప్రశ్నార్థకాన్ని రబ్బరుతో తుడిచాడు. తర్వాత శ్యామ్‌సుందర్ బుక్కు అందుకుని పేజీ తిప్పాడు. అతని బొటనవేలు గణుపుల మీదికి పోవడం విద్యావతి చూసింది. చూపు తిప్పుకుంది.

"సార్," అన్నాడు శ్రీహరి. ఆగి, మళ్ళీ లెక్కపెట్టాడు. "సార్, మీది మే ఇరవైకి ఖతం."

"ఔ. అయితే?"

"ఆరు నెలలు ఉండాలె సార్. దిగేనాటికి. మీకు వీసా ఇయ్యరు. ఇచ్చినా విమానం ఎక్కనియ్యరు." అతను ఇద్దరి బుక్కులూ పక్కపక్కన పెట్టి చూశాడు. "ఇప్పుడు అమ్మది మంచిగుంది. ఇంద్రసేన సార్‌ది మంచిగుంది. మీదే..."

ఇంద్రసేన టీ కప్పు కింద పెట్టాడు. "వదినెతోని నేను పోవుడేంది, ఊరంత నవ్వుతరు," అన్నాడు గానీ, అతని గొంతులో నవ్వు లేదు. అన్న ముఖం వైపు చూడలేక గోడ వైపు చూశాడు.

శ్యామ్‌సుందర్ తన పాస్‌పోర్టు తీసుకున్నాడు. తారీఖు చూశాడు. బ్యాంకాక్ ముద్రలున్న పేజీ తిప్పి, మళ్ళీ తారీఖు దగ్గరికి వచ్చాడు, ఈసారి మారి ఉంటుందేమో అన్నట్టు. అతని చెవులు ఎర్రబడ్డాయి. తను ముందే చెప్పిందని విద్యావతి అనలేదు. అనాల్సిన పని లేదని అతని చెవులే చెబుతున్నాయి.

సంచిలోంచి ప్లాస్టిక్ ఫైలు తీసి అతని ముందు పెట్టింది.

"మీ ఫారం. అన్ని నింపి ఉన్నయి. ఆధార్, ఓటరు కార్డు జిరాక్సులు లోపలున్నయి. పిన్నులు కొట్టలే. సంతకం పెట్టాల్సిన కాడ పెన్సిలుతో గీత ఉంది. మీ ఫోనుకు నంబరొకటి వస్తది, అది చెప్తె ఎల్లుండికి టైం తీసుకుంటది యూనీస్."

శ్యామ్‌సుందర్ ఫైలు తెరిచాడు. ఒక్కో కాగితమూ తిప్పాడు. తన పేరు, తన తండ్రి పేరు, దుకాణం, ఇల్లు. ఒక్క తప్పు లేదు.

"ఎప్పుడు నింపించినవ్?"

"మీరు నవ్విన పొద్దే."

శ్రీహరి గబుక్కున కిందికి వంగి ఏదో వెతుక్కున్నాడు. ఇంద్రసేన తన పాస్‌పోర్టు నెమ్మదిగా వెనక్కి లాక్కుని జేబులో పెట్టుకున్నాడు. "అన్నా, నేను దుకాణం చూస్కుంటలే," అన్నాడు. మెట్ల దగ్గర ఆగి, తల గోక్కుంటూ అన్నాడు: "వదినె, నాది గుడ ఎప్పటిదాక ఉందో జర చూసి పెట్టు."

పెన్ను కోసం శ్యామ్‌సుందర్ జేబు తడుముకున్నాడు. దొరకలేదు. విద్యావతి తన పెన్ను ఇచ్చింది.

గురువారం పొద్దున పాస్‌పోర్టు కేంద్రం గేటు దగ్గర వరస ఉంది. శ్యామ్‌సుందర్ ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఫైలును రెండు చేతులా పట్టుకుని నిలబడ్డాడు. గేటు మనిషి కాగితం చూసి, "సార్ ఒక్కరే. అమ్మా, మీరు పక్కకు కూసోన్రి" అన్నాడు. శ్యామ్‌సుందర్ లోపలికి ఒక అడుగు వేసి, వెనక్కి తిరిగాడు.

"విద్యా. ముందు ఏడికి పోవాలె?"

"టోకెన్ ఇస్తరు. తెర మీద నంబరు వస్తది. ముందు 'ఎ'. భయపడకున్రి, మంచిగనే మాట్లాడ్తరు."

బయట సిమెంటు అరుగు మీద ఆమె కూర్చుంది. పక్కన ఒక ముసలామె తన కాగితాలు ఒళ్ళో పోసుకుని ఏడుపు ముఖంతో ఉంది. విద్యావతి వాటిలో ఆధార్ కాగితానికి కొట్టిన పిన్ను చూసింది. గోటితో మెల్లగా లేపి, ఊడదీసి, తన సంచిలోని క్లిప్పు ఒకటి పెట్టి ఇచ్చింది. ఓ గంట పైనే అలా గడిచింది. ముసలామె లోపలికి పోయి వచ్చింది కూడా.

పన్నెండు దాటాక శ్యామ్‌సుందర్ బయటికి వచ్చాడు. వచ్చి ఆమె పక్కన అరుగు మీద కూర్చున్నాడు. ఎప్పుడూ అలా బయట, రోడ్డు పక్కన, ఆమె పక్కన కూర్చునే మనిషి కాదు.

"అయింది. వారంల వస్తదన్నరు. లోపల ఆఫీసరమ్మ గుడ అడిగింది, ముందే ఎందుకు చూసుకోలేదని."

"ఏమన్నరు?"

"మా ఇంటామె చూసిందని చెప్పిన." ఆమె సంచి వైపు చూసి అన్నాడు: "నీ బుక్కు ఉందా? ఏది, చూద్దాం."

ఆమె సంచిలోంచి తీసింది. అతను వెంటనే అందుకోలేదు. జేబులోంచి రుమాలు తీసి చేతులు తుడుచుకున్నాడు. అప్పుడు తీసుకున్నాడు. ఒక పేజీ, ఇంకో పేజీ, అలా ఆఖరి దాకా తిప్పాడు. అన్నీ తెల్లగా ఉన్నాయి.

"ఒక్క ముద్ర గుడ లేదు దీంట్ల," అన్నాడు.

"పడ్తయి," అంది విద్యావతి. బుక్కు వెనక్కి తీసుకుని, ఆటో కోసం చెయ్యెత్తింది.